పిల్లలతో ట్యూబుల మీద నదీ ప్రయాణం: గోదావరిలో కుదురుతుందా, వేరే చోటికి వెళ్ళాలా?

కొబ్బరితోట (అంబాజీపేట)

అందరికీ నమస్కారం. సంక్రాంతికి హైదరాబాదు నుంచి మా చెల్లెలి కుటుంబం వస్తోంది. మా పిల్లలు, వాళ్ళ పిల్లలు కలిపి నలుగురు. పెద్దమ్మాయికి 15 ఏళ్ళు, అందరికన్నా చిన్నవాడికి 8. రాళ్ళ మధ్య వడిగా పారే నదిలో ఇంటిల్లిపాదీ తలా ఒక గాలి ట్యూబులో కూర్చుని, ముందొక గైడు, వెనుకొక గైడు తోడుగా దిగువకు వెళ్ళే వీడియో చూసినప్పటి నుంచి వీళ్ళకు అదే ధ్యాస. "పక్కనే ఇంత గోదావరి ఉండగా ఇంకెక్కడికో ఎందుకు?" అని పెద్దమ్మాయి అడుగుతోంది. మా మరిది లారీ ట్యూబులు తెస్తానంటున్నాడు. లంక రేవులో దిగి తేలుతూ కిందికి వెళ్ళిపోదామని అతని ఆలోచన. పిల్లలకు కాలువలో ఈత వచ్చు. అయినా నాకు మనసొప్పడం లేదు. కాదనడానికి సరైన కారణం చెప్పలేకపోతున్నాను. మా అత్తగారికి 68 ఏళ్ళు, ఆవిడకూ రావాలనే ఉంది. నది తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

లాకుల బాబాయి (ధవళేశ్వరం)

అమ్మా, నేను నీటిపారుదల శాఖలో లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ముందు మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు. నీళ్ళు అలా ఎగిరెగిరి పడాలంటే నదికి వాలు ఉండాలి, అడుగున రాయి ఉండాలి, ఒడ్డులు దగ్గరపడాలి. పాపికొండలు దాటి పోలవరం దగ్గర మైదానంలోకి వచ్చేసరికి గోదావరికి ఈ మూడూ పోతాయి. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలన్నీ నది తాను మోసుకొచ్చిన ఒండ్రు మీదే నడుస్తాయి. అక్కడ ఎంత వెతికినా ర్యాపిడ్లు ఉండవు.

పైగా సంక్రాంతి అంటే దాళ్వా (రెండో వరి పంట) రోజులు. బ్యారేజీ 175 గేట్లు దాదాపు అన్నీ దించి ఉంటాయి. సీలేరులో కరెంటు తీసి వదిలిన నీరు కూడా కాలువల్లోకే మళ్ళుతుంది. దిగువ పాయల్లో ఉండేది చాలావరకు సముద్రపు పోటుపాట్లకు అటూ ఇటూ కదిలే నీరు. నరసాపురం రేవులో పోటు వేళ ట్యూబు వేసుకుని దిగితే కిందికి కాదు, పైకి పోతారు. పాటు తగిలితే మాత్రం అంతర్వేది వైపు లాగుతుంది. మీ మరిది గారు ఏ వేళకు దిగుదామంటున్నారో, ఆ వేళకు నీరు ఎటు నడుస్తుందో అడిగారా?

ఇక నెమ్మదిగా కనిపించే ఈ నీటిలో నేను భయపడే చోట్లు రెండు. మొదటిది ఇసుక తవ్విన గోతులు. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడు తరువాతి అడుగుకు నిలువు లోతులో ఉంటాడు. గోతి అంచున ఇసుక కాలికి ఆనదు, పైకి ఎక్కబోతే జారిపోతుంది. రెండోది లాకులు, డ్రాపులు (కాలువలో నీరు మెట్టులా కిందికి దూకే గోడలు), ఆనకట్టల దిగువ. అడ్డుగోడ మీద నుంచి పడిన నీరు అడుగుకు వెళ్ళి, కొంత దూరంలో పైకి లేచి, మళ్ళీ గోడ వైపే వెనక్కి వస్తుంది. అందులో చిక్కిన మనిషిని, ట్యూబును, దుంగను ఒకే తీరుగా తిప్పుతూ ఉంటుంది. పైనుంచి చూస్తే నాలుగడుగుల జలపాతంలా ముద్దుగా ఉంటుంది. గజ ఈతగాళ్ళు కూడా అక్కడ దిగరు.

వశిష్ఠ తీరం (రాజోలు)

బాబాయి గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మేమంతా అరటి బోదెలు పట్టుకుని ఈత నేర్చుకున్నవాళ్ళం. లారీ ట్యూబు వేసుకుని లంకకు వెళ్ళి రావడం మా ఊళ్ళో పిల్లలకు మామూలు సంగతి. నదిలో పుట్టి పెరిగిన పిల్లలను నదికి దూరంగా పెడితే, రేపు వరద వచ్చి లంకలు మునిగినప్పుడు వాళ్ళేం చేస్తారు? భయపెట్టి ఆపేయడం కన్నా జాగ్రత్తగా దింపడం మంచిదని నా అభిప్రాయం.

ఈతకొలను (కాకినాడ)

తమ్ముడూ, పిల్లలను నీటికి దూరం చేయకూడదన్న మాటకు నేను మీ వైపే. ఈత నేర్పడమే నా వృత్తి. కానీ నిలకడ నీటిలో ఈత వేరు, రాళ్ళ మధ్య వడిలో ఈత వేరు. ఘనపు మీటరు నీరు టన్ను బరువు. వేగం రెట్టింపైతే మనిషి మీద పడే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. కాలువలో ఎదురీదిన పిల్లవాడు వడిలోనూ ఎదురీదబోతాడు, రెండు నిమిషాల్లో అలిసిపోతాడు.

అన్నిటికన్నా ముందు మానుకోవలసిన అలవాటు ఒకటి ఉంది. మన కాలువలో కాస్త కంగారు పడితే కాళ్ళు దించి నిలబడతాం, అడుగు మెత్తటి మట్టి కాబట్టి ఏమీ కాదు. రాళ్ళ నదిలో మోకాలు దాటిన వడిలో నిలబడబోతే పాదం రెండు రాళ్ళ సందులో ఇరుక్కుంటుంది. వెనుక నుంచి నీరు తోస్తుంది, మనిషి ముందుకు పడిపోతాడు, పాదం మాత్రం రాదు. నడుము లోతు నీటిలో ఈత వచ్చినవాళ్ళు చనిపోయేది ఇలాగే. ట్యూబు నుంచి పడితే వెల్లకిలా తేలాలి, పాదాలు నీటి పైకి కనిపించాలి, అవి దిగువ వైపు ఉండాలి. ఎదురుగా రాయి వస్తే పాదాలతో తన్నుకోవాలి. చేతులతో వెనక్కి తోసుకుంటూ ఏటవాలుగా ఒడ్డుకు చేరాలి. ఇది మాటల్లో చెబితే పిల్లలకు పట్టుబడదు. ప్రయాణానికి ముందు కొలనులోనో, లోతు తక్కువ కాలువలోనో లైఫ్ జాకెట్టు వేసి చేయించండి.

లారీ ట్యూబు సంగతి. దానికి పట్టుకోవడానికి పిడులు ఉండవు. మధ్యలో అడుగు ఉండదు కాబట్టి కూర్చున్నవాళ్ళ నడుము కిందికి దిగి రాళ్ళకు కొట్టుకుంటుంది. గాలి కొట్టే ఇత్తడి మూతి పొట్టకో, తొడకో గీసుకుంటుంది. ఎండకు నల్ల రబ్బరు కాలిపోతుంది. నదీ ప్రయాణానికి చేసిన ట్యూబుకు దళసరి పైతొడుగు, అడుగున గుడ్డ లేదా వల, రెండు పక్కలా పిడులు ఉంటాయి. రెండింటినీ ఒకటిగా చూడకండి.

కోనసీమ టు టెక్సాస్ (ఆస్టిన్)

మాది మలికిపురం దగ్గర, ఇప్పుడు ఆస్టిన్‌లో ఉంటున్నాం. ఇక్కడ వేసవి వస్తే ట్యూబింగ్ ఇంటిల్లిపాది ఆట. దగ్గరలోని న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో రెండు నదులున్నాయి. కోమల్ నది నాలుగు కిలోమీటర్ల పొడవు మాత్రమే. ఊటల నుంచి పుట్టేది కాబట్టి ఏడాది పొడవునా నీటి వేడిమి ఇంచుమించు ఒకేలా ఉంటుంది. చిన్నపిల్లలు ఉన్నవాళ్ళు దానికే వెళ్తారు. అక్కడ ఒక చిన్న ఆనకట్ట పక్కన ట్యూబులు జారడానికే విడిగా కాలువ కట్టారు, దాని దగ్గర రక్షకులు నిలబడి ఉంటారు. బాబాయి గారు చెప్పిన గోడ దిగువ ప్రమాదాన్ని తప్పించడానికి చేసిన ఏర్పాటు అది.

రెండోది గ్వాడలూప్. ఇది పెద్దది, రాళ్ళతో నిండినది. ఎగువన కాన్యన్ ఆనకట్ట నుంచి ఎంత వదిలితే అంత వడి. మన గోదావరి వాళ్ళకు బాగా అర్థమయ్యే విషయం ఒకటి చెబుతాను. ఇక్కడ కూడా నీటిని క్యూసెక్కుల్లోనే, అంటే సెకనుకు ఇన్ని ఘనపు అడుగులని, కొలుస్తారు. మేము బయలుదేరే ముందు ఫోనులో ఆ రోజు ప్రవాహం చూసుకుంటాం. నగర పరిధిలో 1000 క్యూసెక్కులు దాటితే ట్యూబులకు నదిని మూసేస్తారు. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల క్యూసెక్కులకు. ఆ అంకెలు విని పెరిగిన మాకు వెయ్యి అంటే పంట కాలువ అనిపిస్తుంది. కానీ ఇరుకు రాళ్ళ నదిలో ఆ వెయ్యి చాలు మనిషిని ఎత్తి కొట్టడానికి. నీరు ఎంత ఉంది అన్నదాని కన్నా, ఎంత చోటులో పట్టి ఎంత వేగంగా నడుస్తోంది అన్నది చూడాలి.

ఇదే గ్వాడలూప్ ఎగువన 2025 జూలై 4 తెల్లవారుజామున కుండపోత వానకు ముక్కాలు గంటలో 26 అడుగులు పెరిగింది. వందమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో వేసవి శిబిరానికి వచ్చిన ఆడపిల్లలు ఉన్నారు. మేము అంతకు ముందు ఏడాది ట్యూబులు వేసిన నది అది. ఆ వారం మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

వశిష్ఠ తీరం (రాజోలు)

ఈతకొలను అక్కా, పాదం ఇరుక్కునే సంగతి నాకు నిజంగా తెలియదు. మన వైపు రాళ్ళే లేవు కాబట్టి ఎవరూ చెప్పరు. లారీ ట్యూబు మీద నా వాదన మన రేవుల వరకే. రాళ్ళ నదికి నేనూ వద్దనే అంటాను.

కొబ్బరితోట (అంబాజీపేట)

అందరికీ ధన్యవాదాలు. మా మరిదికి ఈ చర్చ చదివి వినిపించాను. ఇసుక గోతుల సంగతి విన్నాక లారీ ట్యూబుల మాట మళ్ళీ ఎత్తలేదు. అయితే నాకు ఇంకో సందేహం. గైడు ఉంటే చాలన్నట్లు అందరూ మాట్లాడతారు. ఆ గైడు మంచివాడో కాదో నాలాంటిదానికి ఎలా తెలుస్తుంది? డబ్బు కట్టి, పిల్లలను అప్పగించి, అక్కడికి వెళ్ళాక తెలుసుకుంటే లాభం ఏముంది?

రంపచోడవరం గైడు

అక్కా, మాది రంపచోడవరం ఏజెన్సీ. కర్ణాటకలో దండేలి వైపు కాళీ నది మీద రాఫ్టింగ్ (పెద్ద గాలి పడవలో వడి దిగే ప్రయాణం) గైడుగా పనిచేస్తున్నాను. మీరు అడిగినది అసలైన ప్రశ్న.

ఫోనులోనే కొంత తెలుస్తుంది. "మా చిన్నవాడికి ఎనిమిదేళ్ళు, రావచ్చా?" అని అడగండి. వెంటనే "రండి, ఏమీ కాదు" అన్నవాళ్ళను వదిలేయండి. మంచివాళ్ళు బరువెంత, ఎత్తెంత, నీళ్ళంటే భయమా అని ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఆ రోజు నీటిని బట్టి చెబుతామంటారు. "ఏ పరిస్థితిలో మీరు ప్రయాణం ఆపేస్తారు?" అని కూడా అడగండి. దానికి సూటిగా జవాబు చెప్పలేనివాడు ఎప్పుడూ ఆపడు. నదుల వడికి ఒకటి నుంచి ఆరు వరకు తరగతులు ఉన్నాయి. పిల్లలతో ట్యూబులకు ఒకటి, రెండు చాలు. మూడు నుంచి రాఫ్టు, అదీ వయసు వచ్చినవాళ్ళకు.

రేవుకు చేరాక చూడవలసినవి. జాకెట్టు మీ వాడికి సరిపోయిందో లేదో గైడు తన చేత్తో చూస్తాడు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగుతాడు. అది గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే నీటిలో వాడు కిందికి, జాకెట్టు పైకి. చిన్నపిల్లల జాకెట్టుకు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. ఆ పట్టీ లేకపోతే మా చోట దింపం. హెల్మెట్టు గడ్డం కింద రెండు వేళ్ళు పట్టేంత బిగువుగా ఉండాలి. ఈల ఎన్నిసార్లు ఊదితే ఏమిటి, చేయి ఎటు చూపితే ఎటు వెళ్ళాలి అన్నది ఒడ్డునే చెప్పి, తిరిగి మీ చేత చెప్పిస్తాడు.

నీటిలో మా పని ఎలా ఉంటుందో చెబితే మీకు ఇంకా ధైర్యం వస్తుంది. వడి దగ్గరికి ముందు నేను ఒక్కడినే వెళ్ళి చూస్తాను. రెండు రాళ్ళ మధ్య నల్లగా, నున్నగా, నాలుక చాపినట్లు దిగువకు సన్నబడుతూ పోయే నీరు ఉంటే అదే దారి. ఆ మొన ఎగువకు తిరిగి, దాని వెనుక నురుగు లేస్తోందంటే నీటి కింద రాయి ఉంది. పెద్ద రాయి వెనుక నీరు తిరిగి ఎగువకు నడుస్తూ నిలకడగా ఉంటుంది. అది మేము ఆగి అందరినీ లెక్కపెట్టుకునే చోటు. నేను వడి దిగి, ఆ నిలకడలో, పడినవాళ్ళకు విసిరే తాడు సంచి పట్టుకుని నిలబడ్డాక, వెనుక గైడు ఒక్కొక్కరినీ వదులుతాడు. ముందువాళ్ళు నా దగ్గరికి చేరాకే తరువాతివాళ్ళు. ట్యూబులన్నీ కలిపి తాళ్ళతో కట్టేస్తే పిల్లలు దూరం పోరని తల్లిదండ్రులు అడుగుతారు. వడిలో అది పనికిరాదు. ఒక రాయికి అటొకటి ఇటొకటి పడితే తాడు రాయిని చుట్టుకుంటుంది, నీటి బరువంతా దాని మీద పడుతుంది.

పిల్లలకు ఇప్పటి నుంచే నేర్పగలిగింది ఒకటుంది. ట్యూబు రాయికి పక్కగా తగిలితే భయంతో రాయికి దూరంగా వాలతారు. అప్పుడు ఎగువ అంచు మునిగి నీరు ట్యూబును తిరగేస్తుంది. రాయి మీదికే వాలి చేతులతో దాన్ని కౌగిలించుకోమనండి. నీరు చుట్టూ జారిపోయి ట్యూబు దానంతట అదే తిరిగి బయటపడుతుంది. కొమ్మలు, పడిపోయిన చెట్లు కనిపిస్తే మాత్రం దూరంగా పోవాలి. నీరు కొమ్మల్లోంచి పోతుంది, మనిషి పోలేడు.

దేవీపట్నం వాసి

గైడు తమ్ముడు "ఆపేయడం" గురించి రాసిన మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండి పోచమ్మ దగ్గర నుంచి పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అప్పుడు నదిలో వరద నడుస్తోంది. నీరు తగ్గే దాకా ఆగి ఉంటే ఆ కుటుంబాలన్నీ ఇళ్ళకు చేరేవి. బోటును బయటికి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం తీసింది. అంతవరకు మా ఒడ్డున తమవాళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్ళను చూశాం. ఆ తరువాత గండి పోచమ్మ, పోచవరం వంటి చోట్ల కంట్రోల్ రూములు పెట్టి, నీటి మట్టం చూసి, ప్రయాణికుల పేర్లు రాసుకుని బోట్లను వదిలే పద్ధతి తెచ్చారు. ఎవరైనా "ఈ రోజు బోటు లేదు" అంటే దయచేసి వాళ్ళతో గొడవ పడకండి. సెలవు పెట్టుకుని వచ్చాం, డబ్బు కట్టాం అని ఒత్తిడి చేయకండి.

వశిష్ఠ తీరం (రాజోలు)

ఒక ఆలోచన. మారేడుమిల్లి, రంపచోడవరం వాగుల్లో రాయి ఉంది, వాలు ఉంది. అక్కడి కొండరెడ్ల పిల్లలకు ఆ నీటి గుణం మనకన్నా బాగా తెలుసు. శిక్షణ ఇచ్చి, పరికరాలు ఇస్తే ఈ పని మన దగ్గరే ఎందుకు జరగకూడదు?

రంపచోడవరం గైడు

జరగాలి తమ్ముడూ, నేను ఇంటికి తిరిగి వచ్చి చేయాలనుకుంటున్న పని అదే. కానీ ముందు ప్రతి వాగుకూ ఎగువన వాన కొలిచే ఏర్పాటు, ఫోను అందని చోట కబురు అందించే దారి కావాలి. కొండ మీద వాన పడితే కింద ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుంది. తేటగా ఉన్న నీరు ఒక్కసారిగా ఎర్రబడినా, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలి. జలపాతాల దగ్గర పిల్లలు కొట్టుకుపోయింది ఇలాంటి వేళల్లోనే. ఆ ఏర్పాట్లు లేకుండా ట్యూబులు అద్దెకిచ్చే దుకాణం తెరిస్తే నేనే అడ్డుపడతాను. గోవాలో కేంద్ర ప్రభుత్వ జాతీయ జలక్రీడల సంస్థ ఉంది, ప్రాణరక్షక శిక్షణ ఇస్తుంది. మా వైపు పిల్లలను కొందరిని అక్కడికి పంపగలిగితే మొదలుపెట్టవచ్చు.

లాకుల బాబాయి (ధవళేశ్వరం)

నాయనా, ఆ పనికి నీటి మట్టం కొలిచే బల్లలు పెట్టడం, రాసుకోవడం నేర్పాలంటే నన్ను పిలువు. వచ్చి కూర్చుంటాను.

కొబ్బరితోట (అంబాజీపేట)

ఇంట్లో అందరం కూర్చుని ఒక మాటకు వచ్చాం. సంక్రాంతికి రైళ్ళలో చోటు దొరకదు, కాబట్టి పండక్కి కోనసీమలోనే ఉన్న దిండి ఊరికి వెళ్ళి జాకెట్లు వేసుకుని పడవ ఎక్కుతాం. వేసవి సెలవుల్లో నరసాపురం నుంచి హుబ్బళ్ళి వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరి, అక్కడి నుంచి కారులో దండేలి చేరతాం. పిల్లలకు ఈతకొలను అక్క చెప్పిన వెల్లకిలా తేలడం ఈ లోపు నేర్పిస్తాను. మా పెద్దమ్మాయి అప్పుడే మంచం మీద దిండుతో రాయిని కౌగిలించుకోవడం సాధన చేస్తోంది.

రెండు సందేహాలు మిగిలాయి. వేసవిలో నీరు ఉంటుందా? మా అత్తగారు చీరతో ట్యూబులో కూర్చోవచ్చా? ఆవిడకు కళ్ళజోడు లేనిదే కనిపించదు, బీపీ మందులు వాడతారు.

రంపచోడవరం గైడు

కాళీ నదికి ఎగువన సూపా జలాశయం ఉంది అక్కా. అక్కడ కరెంటు తీసి నీరు వదిలినప్పుడే మాకు వడి ఉంటుంది, కాబట్టి వేసవిలోనూ నడుస్తుంది. వదలని రోజు ప్రయాణం ఉండదు. అందుకని ఒక్క రోజు కోసం రాకండి, మధ్యలో ఒక రోజు ఖాళీ పెట్టుకోండి. వానాకాలంలో మాత్రం ఆపేస్తాం.

చీరతో వద్దు. తడిసిన కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకుంటాయి, రాయికో కొమ్మకో పడితే లాగుతాయి. ఒంటికి అంటుకునే చుడీదారు, చున్నీ లేకుండా. గాజులు, గొలుసులు, ఉంగరాలు బసలోనే వదిలి రావాలి. కళ్ళజోడుకు వెనుక నుంచి తాడు కట్టాలి. చెప్పులు మడమ వెనుక పట్టీ ఉన్నవే వేసుకోవాలి, పిల్లలకు కూడా. బీపీ సంగతి ముందు ఆవిడను చూసే డాక్టరును అడగండి, ఆయన సరేనంటే మాకూ చెప్పండి. ఆవిడను వడి మొదలయ్యే చోట ఎక్కించం. అన్నీ దాటాక చివర నిలకడ నీరు ఉంటుంది, అక్కడ ఒక గైడు ట్యూబు పట్టుకుని పక్కనే నడుస్తూ తిప్పుతాడు. చిన్నవాడి బరువు ఏప్రిల్‌లో మళ్ళీ తూచి నాకు పంపండి, జాకెట్టు కొలత దాన్ని బట్టి తీసి పెడతాను.